తీగ వెల్డింగు యంత్రము: దాని పోషణ, అపాయములేని వాడకము

(సభ్యులకు పాఠము)

ఏరువాకకు ముందే పనిముట్లను సరిచూచుకొనుట మన రైతులకు తరతరములుగా వచ్చుచున్న అలవాటు. పూర్వము కఱ్ఱును కమ్మరి కొలిమిలో సాగగొట్టించి, బండికమ్మిని బిగింపించి, పిమ్మట వానకొఱకు ఎదురుచూచెడివారు. నేడు మన పనిముట్లలో చాలభాగము ఇనుపవి. దమ్ముచక్రపు పట్టీ ఊడినను, కల్టివేటరు చట్రము పగిలినను, ట్రాలీ కొక్కెము బీటవారినను వెల్డింగుచేతనే అతుకవలసియున్నది. నాట్లు ముమ్మరముగా సాగు దినములలో రెండు దినములు పని నిలిచినచో కలుగు నష్టమెంతయో రైతునకు మేము చెప్పనక్కఱలేదు.

ఈ పనికి కడ్డీ వెల్డింగుతోపాటు తీగ నడచు వెల్డింగు యంత్రము కూడ వాడుకలో నున్నది. దీనిని మిగ్ యంత్రమనియు, పనివారు సీఓటూ వెల్డింగనియు అందురు. 1948లో అమెరికాలోని బాటెల్ పరిశోధనాలయమున ఈ పద్ధతి రూపొందినది. 1953లో ఖరీదైన వాయువులకు బదులు బొగ్గుపులుసు వాయువును వాడవచ్చునని తేలినపిమ్మట ఇది ఇనుపపనికి చౌకయై వ్యాపించినది. పలుచని రేకును గూడ చక్కగా అతుకును. కడ్డీ మార్చు శ్రమలేదు. అయితే కడ్డీ యంత్రమంత మొరటుది కాదు. కడ్డీ యంత్రము కొంత అశ్రద్ధకు ఓర్చుకొనును, ఇది ఓర్చుకొనదు.

సంఘము పేర కొన్న యంత్రమునకు మఱియొక చిక్కు కలదు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదని సామెత. పదిమంది వాడుదురు, ఒక్కడును తుడువడు. చెడిపోయిననాడు యంత్రము మంచిది కాదని అందురు. మేము గ్రామములలో చూచినంతవరకు యంత్రము చెడుట తక్కువ; దానిలోని చిన్న దారులు పూడిపోవుటయే ఎక్కువ. ఈ పాఠమున ఆ దారులెవ్వియో, వానిని ఎట్లు తెఱచియుంచవలెనో, అట్లు చేయునప్పుడు మనిషి ప్రాణమునకు, కన్నులకు అపాయము కలుగకుండుటెట్లో చెప్పుదుము.

1. మూడు దారులు

ఈ యంత్రమున మూడు వస్తువులు టార్చి కొనకు చేరి అచ్చట కలిసికొనును. మొదటిది తీగ. ఇది చుట్టనుండి రోలర్ల నడుమగా వచ్చి, టార్చి కేబులులోని లైనరు అను గొట్టము ద్వారా పోయి, రాగిటిప్పు బెజ్జమునుండి వెలువడును. రెండవది విద్యుత్తు. ఇది టిప్పువద్ద తీగలో ప్రవేశించి, అతుకుచున్న ఇనుములో దిగి, ఎర్తు క్లాంపు ద్వారా యంత్రమునకు మరలివచ్చును. మూడవది వాయువు. ఇది సిలిండరునుండి వచ్చి నాజిలు చుట్టును వెలువడి, కరిగిన ఇనుమునకు గాలి తగులకుండ గొడుగు పట్టును.

పంటకాలువ చివరి భూములకు నీరు రానప్పుడు తెలిసిన రైతు తన మడిని త్రవ్వడు. కాలువ వెంట నడచి పూడిక ఎచ్చటనున్నదో చూచును. వెల్డింగు సరిగా రానప్పుడును అట్లే చేయవలెను. మీటలను త్రిప్పుట కడపటి పని. తీగ దారి, విద్యుత్తు దారి, వాయువు దారి, ఈ మూడింటిని వరుసగా నడచి చూచుటయే మొదటి పని.

2. తీగ దారి

తీగ తుప్పు పట్టరాదు. మనము సాధారణముగా వాడు 0.8 లేక 1.0 మిల్లీమీటరు తీగపై సన్నని రాగిపూత యుండును. డెల్టా గ్రామములలో వానకాలపు చెమ్మకు ఆ పూత నిలువక తుప్పు వచ్చును. తుప్పుతీగ లైనరును ఆకురాయివలె గీచి, ఆ పొడితో దానినే నింపును. కావున పదిదినములకు మించి పని లేనప్పుడు చుట్టను తీసి, ప్లాస్టిక్ సంచిలో మూతిబిగించి, పొడిచోట నుంచవలెను. తుప్పుపట్టిన పైవరుసలను త్రుంచి పాఱవేయుటకు సంకోచింపరాదు.

రోలర్ల గాడి తీగ కొలతకు సరిపోవలెను. గట్టి ఇనుపతీగకు కోణపు గాడి, మెత్తని అల్యూమినియమునకు గుండ్రని గాడి, లోపల మందు గల తీగకు గరుకు పండ్ల రోలరు తగును. తీగ జాఱుచున్నదని రోలర్లను బిగించుచు పోవుట పెద్ద తప్పు. బిగువు ఎక్కువైనచో తీగ చదునై, రాగిపొడి రాలి లైనరులో పేరుకొనును. టార్చి కేబులును తిన్నగా పఱచి, తీగ జాఱక నడచునంతవఱకు మాత్రమే బిగింపుడు. అంతకన్న బిగించినను జాఱినచో దోషము బిగువులో లేదు. ముందున్న దారిలో పూడిక యున్నది. రోలర్లవద్ద రాగిపొడి కనబడినచో బిగువు మితిమీరినదని గ్రహింపవలెను.

లైనరు మన పిల్లకాలువ. చుట్ట మార్చినప్పుడెల్ల, యంత్రమును ఆపి, తీగను వెనుకకు లాగి, టిప్పును నాజిలును విప్పి, కేబులును నేలపై తిన్నగా పఱచి, రోలర్ల వైపునుండి పొడిగాలిని ఊదవలెను. అప్పుడు టార్చి కొననుండి నల్లని పొడి వెలువడును. ఆ కొనకు ఎదురుగా మొగమును పెట్టరాదు. కంటి అద్దములు తప్పక ధరింపవలెను. ఊదినపిమ్మటను తీగ ఆగి ఆగి వచ్చుచున్నచో లైనరును మార్చుటయే లాభము. కేబులును మడిచి మేకునకు తగిలించుట, దానిమీదుగా ట్రాక్టరును నడపుట లైనరునకు చావు.

టిప్పు అఱిగిపోవు వస్తువు, ఎద్దుకు నాడావంటిది. దాని బెజ్జము గుండ్రముగా నుండక కోలగా మాఱినచో విద్యుత్తు తడబడును, అతుకు చిటపటలాడును. 0.8 తీగకు 0.8 టిప్పునే వేయవలెను. మూడు నాలుగు టిప్పులు ఎల్లప్పుడు పెట్టెలో నుండవలెను. చౌకయైన టిప్పు లేకపోవుటచేత దినమంతయు పని నిలిచిపోవుట వివేకముకాదు.

నాజిలు లోపల ఎగిరిపడిన ఇనుపచుక్కలు అంటుకొనుచుండును. ఇవి పెరిగి టిప్పునకును నాజిలునకును వంతెన కట్టినచో నాజిలులోనికి గూడ విద్యుత్తు వచ్చి, పనిముట్టును తాకినంతనే మెఱుపు పుట్టి రెండును కాలిపోవును. పని నడుమ గంటకొకసారియైన, యంత్రము ఆపి, చల్లారిన నాజిలునుండి చుక్కలను గీకివేయవలెను. టార్చిని ఇనుపబల్లకేసి కొట్టి చుక్కలు రాల్చు అలవాటు మానుడు. దానివలన టార్చి మెడయే వదులగును.

3. విద్యుత్తు దారి

ఎర్తు క్లాంపును మట్టి, రంగు, తుప్పు గల చోట తగిలించి, వెల్డింగు పట్టుట లేదని విసుగుకొనుట తఱచు కనబడును. అతుకుచోటికి దగ్గరగా రెండంగుళముల మేర మెఱయునట్లు గీకి, అచ్చట క్లాంపు పెట్టవలెను. క్లాంపు స్ప్రింగు సడలినను, కేబులు కొన వేడెక్కుచున్నను వెంటనే బాగుచేయింపవలెను. వేడి పుట్టినచోట బిగువు లేదని అర్థము.

ట్రాక్టరుమీద గాని కోతయంత్రముమీద గాని వెల్డింగు చేయునప్పుడు మఱింత జాగ్రత్త కావలెను. ముందుగా బ్యాటరీ తీగలను విప్పివేయవలెను. క్లాంపును ఒకవైపునను, అతుకును బేరింగునకు ఆవలివైపునను చేసినచో విద్యుత్తు బేరింగు గుండ్లగుండ పోయి వానిని గుంటలు పడజేయును. ఆ దోషము ఆనాడు కనబడదు. కోతల నడుమ బేరింగు అరచునప్పుడు తెలియును. కావున క్లాంపును అతుకుచున్న ముక్కకే తగిలింపవలెను.

వాయువుతో వాడు గట్టితీగకు టార్చి ధనకొనకు, క్లాంపు ఋణకొనకు తగిలింపవలెను. వాయువు అక్కఱలేని మందుతీగలకు సాధారణముగా దీనికి విరుద్ధముగా నుండును. తీగపెట్టె మీది గుఱుతును చదివి తగిలింపుడు.

మీటరునుండి యంత్రమునకు వచ్చు కేబులు తగినంత లావుగా నుండవలెను. చుట్టచుట్టిన పొడిగింపు కేబులు వేడెక్కి కరిగిపోవచ్చును; దానిని పూర్తిగా విప్పి పఱువవలెను. ఎర్తుతీగ సరియైన ఎర్తుగొయ్యికి చేరవలెను. న్యూట్రలును ఎర్తుగా వాడుట ప్రాణాంతకము. వేసవిలో గొయ్యిలో నీరు పోయుచుండవలెను. 30 మిల్లీయాంపియర్ల ఆర్.సీ.సీ.బీ. అను రక్షణ మీటను పెట్టించి, నెలకొకసారి దాని పరీక్షబొత్తామును నొక్కి చూడుడు. ఇది గోడవైపు విద్యుత్తునుండి మాత్రమే కాపాడును. టార్చివైపు విద్యుత్తునకు దీనికి సంబంధము లేదు. పంపుసెట్టు సర్వీసునుండి వెల్డింగునకు విద్యుత్తు తీయుట 2003 విద్యుత్ చట్టము 126వ విభాగము ప్రకారము అనధికార వాడకమగునని కూడ సభ్యులు తెలిసికొనవలెను.

4. వాయువు దారి

సిలిండరును నిలువుగా నుంచి గొలుసుతో కట్టవలెను. అందు వాయువు ద్రవరూపమున నుండును. పరుండబెట్టి వాడినచో ద్రవమే రెగ్యులేటరులోనికి వచ్చును. ద్రవమున్నంతవఱకు గడియారపు ముల్లు ఇంచుమించు ఒకచోటనే యుండును గాన, ముల్లును చూచి ఎంత మిగిలినదో చెప్పజాలము. మెడపై చెక్కిన ఖాళీ బరువును, ఇప్పటి బరువును తూచి పోల్చుటయే సరియైన మార్గము. బొగ్గుపులుసు వాయువు 31 డిగ్రీలకు పైబడిన వేడిలో ద్రవముగా నిలువజాలదు. లోపలి ఒత్తిడి మిక్కిలి పెరుగును. మన వేసవి ఎండ అంతకు ఎంతో మించినది. కావున సిలిండరు ఎల్లప్పుడు నీడలోనే యుండవలెను.

మూతను నెమ్మదిగా, ప్రక్కకు నిలిచి తెఱువవలెను. గొట్టపు కీళ్లకు సబ్బునీరు పూసి బుడగలు వచ్చునేమో చూడవలెను. ద్రవము ఆవిరియగుటచే రెగ్యులేటరు చల్లబడి మంచు పట్టి దారి మూసికొనవచ్చును. అందుకే దానికి హీటరు అమర్తురు. మంచు పట్టినచో పని ఆపి హీటరు పనిచేయుచున్నదో లేదో చూడుడు. మంటను చూపరాదు.

సన్నని తీగకు నిమిషమునకు 10 నుండి 15 లీటర్ల వాయువు చాలును. ఎక్కువ విడిచినచో మేలు కలుగదు. వాయువు సుడులు తిరిగి బయటిగాలినే లోనికి లాగును. అతుకునందు సూదిబెజ్జములు కనబడినచో మూడు కారణములు వెదకుడు: వాయువు అయిపోవుట, నాజిలు పూడిపోవుట, గాలి వీచుట. కళ్లమువద్ద బయలుగాలిలో ఈ యంత్రము పనిచేయదు. రేకుతో గాని తడిపిన గోనెతో గాని గాలికి అడ్డు కట్టవలెను. వీలుకానిచో ఆ పనికి కడ్డీ వెల్డింగే మేలు. బెజ్జములు గల అతుకు పైకి నిండుగా కనబడును. బరువుతో పోవు ట్రాలీ కొక్కెము అట్టి అతుకుచోట ఊడినచో వెనుక వచ్చువారి గతి ఏమగునో ఆలోచింపుడు.

5. దుమ్ము, వేడి

యంత్రములోని పంకా గాలితోపాటు ఊక, దూది, ఇనుపరజనును లోనికి లాగుచుండును. ఊక వేడిని బయటికి పోనీయదు. ఇనుపరజను విద్యుత్తునకు దొంగదారి చూపును. సానయంత్రమును వెల్డింగు యంత్రమునకు దూరముగా నుంచవలెను. మూడు నెలలకొకసారి, ధాన్యపు మిల్లుల దగ్గర ఇంకను తఱచుగా, ప్లగ్గును తీసి, తక్కువ ఒత్తిడిగల పొడిగాలితో దుమ్మును ఊదింపవలెను. ప్లగ్గు తీసినను లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. కావున మూతవిప్పు పనిని తెలిసిన మెకానిక్కునకే విడువుడు. రైతు బయటి కిటికీలను మాత్రము శుభ్రపఱచుకొన్న చాలును.

యంత్రమునకు విశ్రాంతి కూడ కావలెను. పలకమీద 60 శాతము అని వ్రాసియున్నచో, ఆ విద్యుత్తు వద్ద పది నిమిషములలో ఆఱు నిమిషములు పని, నాలుగు నిమిషములు విశ్రాంతి అని భావము. పని ముగిసినవెంటనే ప్లగ్గు లాగక, పంకాను కొంతసేపు తిరుగనిచ్చి చల్లార్పవలెను. పనిలేని కాలమున కప్పిపెట్టిన యంత్రములో బల్లులు, చీమలు చేరును. ఎలుకలు కేబులు కొఱుకును. మఱల వాడుటకు ముందు కేబులును మొదలునుండి తుదివఱకు చేతితో తడవి చూడుడు. అయితే ప్లగ్గు తీసినపిమ్మటనే సుమా.

6. మనిషి రక్షణ

యంత్రము చెడినచో మఱల కొనవచ్చును. ఈ క్రింది విషయములలో పొరపాటునకు దిద్దుబాటు లేదు.

టార్చి మీటను నొక్కినంతసేపు తీగయంతయు, చుట్టతో సహా, విద్యుత్తు కలిగియుండును. తడిబట్టలతో, తడినేలపై, చెమటోడు చేతులతో పనిచేయరాదు. ఎండిన తోలు చేతితొడుగులు, మూసిన చెప్పులు, దళసరి నూలుబట్టలు ధరింపవలెను. లుంగీ, నైలాను చొక్కా పనికిరావు. నిప్పురవ్వ పడినచో నైలాను కరిగి చర్మమున కంటుకొనును. తీగ వచ్చుచున్నదో లేదోయని నాజిలులోనికి తొంగిచూడరాదు. చేతికెదురుగా టార్చిని పట్టరాదు. తీగ సూదివలె గ్రుచ్చుకొనును.

మెఱుపు వెలుగు కన్నులను కాల్చును. ఆ సమయమున నొప్పి తెలియదు. కొన్ని గంటలకు, తఱచుగా రాత్రివేళ, కన్నులలో ఇసుక పోసినట్లుండును. పనివానికి 10 మొదలు 13 నంబరు వఱకు గల అద్దపు ముసుగు కావలెను. పిల్లలు చూడవచ్చి చుట్టును నిలుచుట మన గ్రామములలో సహజము. వారికి ముసుగులుండవు. కావున తెఱకట్టి వారిని దూరముగా పంపుట పనివాని ధర్మము.

జింకుపూత గల పైపులను అతికినప్పుడు తెల్లనిపొగ వచ్చును. దానిని పీల్చినవానికి ఆ రాత్రి చలి జ్వరము వచ్చును. పూతను సానపట్టి తీసివేసి, గాలి ప్రక్కనుండి పొగను కొట్టుకొనిపోవునట్లు నిలిచి పనిచేయుడు. బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది. బావిలోను గోతిలోను తొట్టిలోను నిండి ఊపిరి ఆడనీయదు. మెఱుపు వేడికి దానినుండి మఱియొక విషవాయువు కూడ పుట్టును. బావిలోని పైపును పైకి తీసి అతుకుడు. బావిలోనికి టార్చితో దిగకుడు.

డీజిలు పీపాలను, పురుగుమందు డబ్బాలను ఎన్నడును అతుకరాదు. ఖాళీగా కనబడు పీపాలో మిగిలిన ఆవిరియే ప్రేలును. కడిగితిమి కదాయని నమ్మరాదు. బ్రేకులు శుభ్రముచేయు కొన్ని ద్రవములు తడిగానున్న ఇనుముపై మెఱుపు తగిలినచో ప్రాణాంతకమైన వాయువు పుట్టును గాన, వానితో తుడిచిన వస్తువును అతుకబోకుడు. గడ్డివామికి, ప్రత్తికుప్పకు కనీసము పది పదునొకండు మీటర్ల దూరమున పనిచేసి, ప్రక్కన నీటి బిందెలును ఇసుకయును ఉంచుకొనవలెను. నీటిని విద్యుత్తు తీసివేసినపిమ్మటనే చల్లవలెను. పని ముగిసిన తరువాత అరగంటకు తక్కువకాకుండ, వీలైనచో గంటసేపు, అచ్చటనే కాచుకొనియుండవలెను. గడ్డిలో పడిన రవ్వ వెంటనే మండదు. కాపరి ఇంటికి పోయినపిమ్మట మండును.

7. ఎప్పుడు ఏమి చేయవలెను

ప్రతిదినము పనికి ముందు: కేబుళ్లు, క్లాంపు, ఎర్తు, వాయువు గొట్టము చూచుట, టిప్పు బెజ్జము పరిశీలించుట, చుట్టుప్రక్కల ఎండుగడ్డి తొలగించుట.

ప్రతిదినము పనియైన పిమ్మట: నాజిలు శుభ్రము చేయుట, సిలిండరు మూత బిగించుట, ప్లగ్గు తీయుట, కేబులును పెద్ద వలయముగా చుట్టుట, యంత్రముపై కప్పు వేయుట.

చుట్ట మార్చినప్పుడెల్ల: లైనరు ఊదుట, రోలర్ల గాడి తుడుచుట, బిగువు సరిచూచుట.

నెలకొకసారి: రక్షణ మీటను పరీక్షించుట, కీళ్లకు సబ్బునీరు పూయుట, క్లాంపు, కేబులు కొనల బిగువు చూచుట.

మూడు నెలలకొకసారి: మెకానిక్కుచేత లోపలి దుమ్ము తీయించుట.

8. సంఘము చేయవలసినది

పై పనులలో దినచర్యకు పావుగంట చాలును. అయినను అందఱి పని ఎవ్వరి పనియు కాదు గాన, సంఘము ఒక సభ్యుని పేరు తీర్మానముమూలమున నిర్ణయించి యంత్రమును అతనికి అప్పగింపవలెను. యంత్రముతోపాటు ఒక పుస్తకముంచి, తీసికొన్న సభ్యుని పేరు, తేదీ, మార్చిన టిప్పులు, కనబడిన లోపములు వ్రాయింపవలెను. లోపమును వ్రాసినవానిని నిందింపరాదు, దాచినవానినే నిందింపవలెను. ఈ నియమము లేనిచో తెగిన కేబులు గుడ్డపేలికతో కట్టబడి ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి పోవును; కట్టినవాడొకడు, ప్రాణమునకు ముప్పు వచ్చునది మఱియొకనికి. అద్దెసొమ్ములో కొంత భాగమును టిప్పులకు, లైనరులకు, ముసుగులకు వేఱుగా తీసి యుంచవలెను. ముసుగు, చేతితొడుగులు లేక యంత్రమును ఎవ్వరికిని ఇయ్యరాదు. అడిగినవాడు అధ్యక్షుడైనను సరియే.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన సంఘ యంత్రపు లైనరును కడపట ఎప్పుడు ఊదితిరి? ఆ తేదీ ఎచ్చటనైన వ్రాయబడియున్నదా?

2. తీగ ఆగి ఆగి వచ్చుచున్నప్పుడు రోలర్లను బిగించుటకు ముందు చూడవలసినవి ఏవి?

3. ట్రాక్టరుపై వెల్డింగు చేయునప్పుడు క్లాంపును ఎచ్చట తగిలింపవలెను? ఎందుకు?

4. సిలిండరులో మిగిలిన వాయువును ముల్లు చూచి ఏల చెప్పజాలము?

5. యంత్రముతోపాటు ముసుగులెన్ని యున్నవి? వాని అద్దములు పగులక యున్నవా?

ఈ ప్రశ్నలకు నోటితో ఉత్తరము చెప్పుటకంటె, సభ్యులందఱు యంత్రమున్న గదికి పోయి, టిప్పును విప్పి, కేబులును తడవి చూచి చెప్పుట మంచిది. వచ్చు ఏరువాకకు ముందే ఈ పని ముగింపుడు.